గ్రామ రికార్డుల నిర్వహణ, వృత్తుల మధ్య సహకారం: విడవలూరు తీరం ఆధారంగా

రికార్డుల నిర్వహణ అంటే ఒక కార్యాలయం తన పనిలో భాగంగా తయారుచేసిన పత్రాలను, అవి పుట్టిన నాటి నుంచి శాశ్వతంగా భద్రపరిచేదాకా లేదా నియమం ప్రకారం తొలగించేదాకా, కావలసినవారికి కావలసినప్పుడు దొరికేటట్లు, నడుమ ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా కాపాడే పని. ఈ రంగానికి అంతర్జాతీయంగా ప్రమాణంగా చెప్పుకొనే ఐ.ఎస్.ఓ. 15489, 2001లో వెలువడి 2016లో సవరణ పొందింది. అందులో రికార్డును జరిగిన పనికి సాక్ష్యంగా గుర్తించారు. ఈ నిర్వచనంలో కీలకమైన మాట సాక్ష్యం. సమాచారం ఎక్కడ ఉన్నా సమాచారమే కాని, ఎవరు, ఎప్పుడు, ఏ అధికారంతో రాశారో తెలిసినప్పుడే అది సాక్ష్యమవుతుంది. ఆ తెలియడం ఒక్క వృత్తివల్ల సాధ్యం కాదు. కొలిచేవారు, రాసేవారు, నమోదు చేసేవారు, భద్రపరిచేవారు, వాదించేవారు, తీర్పు చెప్పేవారు వేరువేరు శిక్షణలనుంచి వచ్చినవారు. వీరి పని ఒకదానికొకటి అతకనిచోట రికార్డు చెడుతుంది. ఏ ఒక్కరి అజాగ్రత్తవల్ల చెడిన రికార్డులకన్నా, ఇద్దరు జాగ్రత్తపరుల నడుమ ఉన్న ఖాళీలో చెడిన రికార్డులే గ్రామాలలో ఎక్కువ కనిపిస్తాయి.

దీనిని పరిశీలించడానికి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోని విడవలూరు ప్రాంతం తగిన చోటు. మండలాలు ఏర్పడకముందు కోవూరు తాలూకాలో ఉండిన ఈ ప్రాంతం పెన్నా నదికి ఉత్తరాన, బంగాళాఖాతం అంచున ఉంది. పెన్నా డెల్టా కాలువల కింద వరి పండే మాగాణి, తీరం వైపు రొయ్యల గుంటలు, సముద్రం పక్కన మత్స్యకారుల పాలేలు, తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ, రామతీర్థంలోని రామలింగేశ్వరస్వామి ఆలయం వంటి క్షేత్రాలు, కొద్ది మైళ్ల వ్యవధిలోనే ఇక్కడ కలిసి ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ వేరువేరు శాఖ వేరువేరు పుస్తకం రాస్తుంది. మాగాణి రెవెన్యూ లెక్కలలోనూ, సర్వే పటంలోనూ, జలవనరుల శాఖ ఆయకట్టు జాబితాలోనూ ఉంటుంది. రొయ్యల గుంట మత్స్యశాఖ నమోదులో ఉంటుంది. గుడిమాన్యం దేవాదాయ శాఖ ఆస్తుల రిజిస్టరులో ఉంటుంది. తీరపు నేల తీరప్రాంత నియంత్రణ మండలం పటాల పరిధిలోకి కూడా వస్తుంది. నేల ఒక్కటే కాని, దాన్ని వర్ణించే చేతులు పలు.

కవిలె, కరణం, సర్వే గొలుసు

తెలుగు నేలమీద గ్రామ లెక్కకు పాత పేరు కవిలె. తాటాకుల మీద రాసి కట్టగట్టి ఉంచిన ఈ లెక్కలలో భూమి విస్తీర్ణం, పంట, రావలసిన పన్ను, మాన్యాల వివరాలు ఉండేవి. రాసేవాడు కరణం. ఆయన పదవి వంశపారంపర్యంగా వచ్చేది కనుక, కవిలె కట్టలు ఇంటి ఆస్తిగానూ గ్రామపు ఆస్తిగానూ రెండు విధాల చెలామణి అయ్యేవి. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా లేకపోవడం తరవాతి కాలంలో పెద్ద చిక్కు తెచ్చింది.

ఈ కవిలెలను ఇతర వృత్తులవారు కలిసి చదివిన తొలి పెద్ద ప్రయత్నం కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) చేయించిన సేకరణ. మెకంజీ వృత్తిరీత్యా సైనిక ఇంజనీరు, సర్వేయరు. 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేలను కొలవడం ఆయనకు తెలుసు కాని, ఆ నేల కథ చెప్పే పత్రాలు చదవడం తెలియదు. ఆ పని కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య మొదలైన పండితులు చేశారు. వారు ఊరూరా తిరిగి కరణాల వద్ద ఉన్న కవిలెల నుంచి, శాసనాల నుంచి, వృద్ధుల నోటినుంచి గ్రామచరిత్రలు రాయించారు. వాటినే కైఫియ్యతులు అంటారు. సర్వేయరు, పండితుడు, కరణం, లేఖకుడు అనే నలుగురిలో ఏ ఒక్కరు తప్పుకున్నా ఈ సంపద మిగిలేది కాదు. నెల్లూరు జిల్లాలోనే ఇలాంటి మరో ఉదాహరణ ఉంది. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు సివిల్ సర్వీసు ఉద్యోగులు జిల్లాలోని రాగిరేకులను, శిలాశాసనాలను సేకరించి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. పరిపాలన వారి వృత్తి, లిపిశాస్త్రం కాదు. అయినా పాలకుడి అధికారం, పండితుడి చదువు కలిసినందువల్ల, తరవాత శిథిలమైన శాసనాల పాఠాలు కూడా కాగితం మీదనైనా నిలిచాయి.

ఈస్టిండియా కంపెనీ పాలనలో నెల్లూరు ప్రాంతం 1801లో ఆర్కాటు నవాబు నుంచి చేతులు మారింది. వెంకటగిరి వంటి జమీందారీలను మినహాయిస్తే, జిల్లాలో మిగిలిన ప్రాంతంలో అధిక భాగం రైత్వారీ పద్ధతిలోకి వచ్చింది. రైత్వారీ అంటే ప్రభుత్వం నడుమ జమీందారు లేకుండా రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే పద్ధతి. దీనికి ప్రతి రైతుకూ ప్రతి చేనుకూ లెక్క కావాలి కనుక రికార్డుల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ గుడిమాన్యాలు, బ్రాహ్మణ మాన్యాలు, సేవా మాన్యాల హక్కులను విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరు తయారుచేసింది. ఇవాళ కూడా దేవాలయ భూమి వివాదాలలో న్యాయవాదులు మొదట వెతికేది ఈ రిజిస్టరునే.

ఆ తరవాత సర్వే, సెటిల్‌మెంట్ అనే రెండు పనులు జోడుగా నడిచాయి. సర్వేయరు గుంటర్ గొలుసుతో, అంటే 66 అడుగుల పొడవు, 100 లింకులు ఉన్న గొలుసుతో, చేను హద్దులు కొలిచి క్షేత్ర కొలతల పుస్తకంలో పటం గీశాడు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. సెటిల్‌మెంట్ అధికారి అదే చేనుకు నేల తరగతి, నీటి వసతి, తీరువ నిర్ణయించి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో రాశాడు. వాడుకలో ఆర్.ఎస్.ఆర్. అనే ఈ పుస్తకంలో సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరు, అంటే ప్రభుత్వ లెక్కలో ఆ భూమి ఎవరి పేరిట ఉందో ఆ వ్యక్తి పేరు, ఉంటుంది. పటం ఒక శాఖది, పేరు మరో శాఖది. ఈ రెండూ కలిస్తేనే హక్కు తేలుతుంది. ఆ జోడు సరిగా అతకనప్పుడు ఏమవుతుందో నెల్లూరు జిల్లా రైతులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

చుక్కల భూములు

సుమారు నూరేళ్ల కిందటి రీసెటిల్‌మెంట్ సమయంలో, కొన్ని సర్వే నంబర్లకు హక్కుదారు ఎవరో అక్కడికక్కడ తేలనప్పుడు, పట్టాదారు పేరు రాయవలసిన గడిలో ఏ పేరూ రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. ఆ భూమి ప్రభుత్వానిదని రాయలేదు, రైతుదనీ రాయలేదు. విచారణ తరవాత నింపవలసిన గడి అది. నింపవలసిన అధికారి బదిలీ అయ్యాడు, పుస్తకం రికార్డు గదిలోకి వెళ్లింది, గడి అలాగే ఉండిపోయింది. పొలంలో మాత్రం దున్నేవారు దున్నుతూనే ఉన్నారు, తండ్రి తరవాత కొడుకు పంచుకున్నాడు, అమ్మకాలు జరిగాయి, రిజిస్ట్రేషన్లు కూడా జరిగాయి. రిజిస్ట్రేషన్ శాఖ తన ముందుకొచ్చిన దస్తావేజును నమోదు చేసింది, ఆర్.ఎస్.ఆర్.లోని గడిని చూడడం దాని పని కాదు. రెవెన్యూ శాఖ ఏటా పంటల లెక్క రాసింది. పాత గడిని నింపడం ఆ సిబ్బంది పని కాదు.

2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రం చేర్చిన 22-ఎ సెక్షన్ కింద, ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ భూముల వంటి వాటిని నిషిద్ధ జాబితాలో పెట్టి వాటి క్రయవిక్రయాలను ఆపడం మొదలైంది. చుక్కలు ఉన్న నంబర్లు కూడా ఆ జాబితాలోకి చేరిన తరవాత, తరతరాలుగా సాగులో ఉన్న రైతు తన పొలాన్ని అమ్మలేకపోయాడు, బ్యాంకులో కుదువ పెట్టలేకపోయాడు, కూతురికి రాసి ఇవ్వలేకపోయాడు. దీన్ని సరిదిద్దడానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో చుక్కల భూముల చట్టం చేసింది. 12 ఏళ్లకు పైబడిన అనుభవాన్ని పత్రాలతో చూపితే జిల్లాస్థాయి కమిటీ విచారించి గడిలో పేరు నింపవచ్చునన్నది దాని సారం. 2023 మే 12న నెల్లూరు జిల్లా కావలిలోనే రాష్ట్ర ముఖ్యమంత్రి ఈ భూములను నిషిద్ధ జాబితా నుంచి తొలగించే కార్యక్రమం ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా ఆ పర్యాయం విడుదలైన భూమి రెండు లక్షల ఎకరాలకు పైగా ఉంది.

దీనిలో పాఠం చిన్నది కాదు. చట్టం వచ్చినంత మాత్రాన గడి నిండదు. అనుభవాన్ని రుజువు చేయడానికి పాత అడంగళ్లు కావాలి, అవి రికార్డు గదిలో దొరకాలి. దస్తావేజుల లింకు కావాలి, అది సబ్ రిజిస్ట్రారు సూచికలో కనబడాలి. పొలం హద్దు సరిపోలాలి, అది సర్వేయరు తేల్చాలి. ఈ ముగ్గురిలో ఒకరి పుస్తకం చెదలు తిన్నా రైతు అక్కడే ఆగిపోతాడు. రికార్డుల నిర్వహణ కేవలం గుమాస్తాల వ్యవహారం అనుకునేవారికి చుక్కల భూములే జవాబు.

అడంగల్, దస్తావేజు, నీటి లెక్క

ఆంధ్రప్రదేశ్ గ్రామ లెక్కలలో ఇప్పుడు రైతుకు ఎక్కువ పని పడేవి రెండు. ఒకటి అడంగల్, ఏ సర్వే నంబరులో, ఏ నీటి ఆధారం కింద, ఏ పంట, ఎవరి అనుభవంలో ఉందో చెప్పే లెక్క. రెండోది 1-బి, ఒక రైతు పేరిట గ్రామంలో మొత్తం ఎంత భూమి ఉందో చూపే హక్కుల రికార్డు. పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 1971లో వచ్చింది. భూమిపై హక్కు పొందినవారు 90 రోజులలో తహసీల్దారుకు తెలపాలని, దస్తావేజు నమోదు చేసిన అధికారి కూడా ఆ సమాచారాన్ని తహసీల్దారుకు పంపాలని అది నిర్దేశించింది. అంటే రిజిస్ట్రేషన్, రెవెన్యూ శాఖల సహకారం సౌజన్యం మీద ఆధారపడ్డ విషయం కాదు, చట్టపరమైన బాధ్యత. కాగితాల కాలంలో ఆ సమాచార పత్రం నెలల తరబడి దారిలో ఉండేది. అందుకే దస్తావేజు ప్రకారం కొన్నవాడు, అడంగల్ ప్రకారం అమ్మినవాడు ఒకే చేనుకు యజమానులుగా కనిపించిన సందర్భాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి.

విడవలూరు వంటి డెల్టా గ్రామాలలో మూడో లెక్క నీటిది. నెల్లూరు ఆనకట్ట 1855లో పూర్తయింది. సంగం ఆనకట్ట, కనిగిరి రిజర్వాయరు వ్యవస్థ ఆ తరవాత పెరిగాయి. 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ఆయకట్టు అంటే ఒక కాలువ కింద నీరు పొందే భూముల మొత్తం. జలవనరుల ఇంజనీరు ఆయకట్టును తూముల వారీగా లెక్కిస్తాడు, రెవెన్యూ సిబ్బంది సర్వే నంబర్ల వారీగా రాస్తారు. ఒకరి ప్రమాణం తూము, మరొకరి ప్రమాణం నంబరు కావడంతో ఏటా కలిపి చూసుకోకపోతే రెండు సంఖ్యలు దూరమవుతాయి. నీటి తీరువ, పంట నష్టపరిహారం, కాలువ మరమ్మతు ఖర్చు అన్నీ ఈ సంఖ్య మీదనే నిలుస్తాయి.

రొయ్యల సాగు రావడంతో ఈ చిత్రం మరింత జటిలమైంది. 1990ల నుంచి నెల్లూరు తీరంలో మాగాణి, తీర భూములు గుంటలుగా మారుతూ వచ్చాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీరప్రాంత రొయ్యల చెరువుల నియంత్రణపై తీర్పు ఇచ్చింది. దాని అనంతరం 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. రాష్ట్రంలో 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ ఏర్పడింది. దీనితో ఒకే చేనుకు రెవెన్యూ లెక్కలో వరి అనీ, మత్స్యశాఖ నమోదులో గుంట అనీ ఉండే పరిస్థితి ఏర్పడే వీలుంది. తుపాను వచ్చి నష్టపరిహారం పంచే రోజున ఈ రెండు రాతలూ ఎదురుపడతాయి. పక్క చేను వరి రైతు, ఉప్పునీరు తన పొలంలోకి దిగిందని ఫిర్యాదు చేసినప్పుడు, ఏ సంవత్సరం నుంచి గుంట ఉందో చెప్పే ఆధారం ఆ రెండు శాఖల పుస్తకాలను పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది కలిసి పొలం చూసి నమోదు చేసే ఈ-పంట విధానంలో మత్స్యశాఖ చూపు కూడా కలవడం ఈ తీరానికి మరీ అవసరం.

రికార్డు గది

ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర జిల్లాలకు వారసత్వంగా వచ్చిన కార్యాలయ పద్ధతికి టోటెన్‌హామ్ పద్ధతి అని పేరు. జిల్లా కార్యాలయ మాన్యువల్ ప్రకారం ముగిసిన ప్రతి ఫైలుకూ దాని ఆయుష్షు ముందే నిర్ణయిస్తారు. ఆర్.డిస్. అని గుర్తు పెడితే శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది. ఎన్.డిస్. అంటే కాగితం అసలునే తిరిగి పంపివేసి ఇక్కడ ఉంచకపోవడం. ఈ గుర్తు పెట్టేది ఆ ఫైలును నడిపిన గుమాస్తా. రెండక్షరాల ఈ నిర్ణయమే తరవాతి తరాలకు ఏ చరిత్ర మిగలాలో, ఏ హక్కు నిరూపితం కావాలో తేల్చివేస్తుంది. గుమాస్తాకు చట్టం తెలుసు, ఇవాళ్టి అవసరం తెలుసు. ఇరవై ఏళ్ల తరవాత న్యాయవాది ఏ కాగితం అడుగుతాడో, యాభై ఏళ్ల తరవాత చరిత్రకారుడికి ఏది పనికొస్తుందో ఆయనకు తెలియకపోవడం తప్పు కాదు. అందుకే ఆయుష్షు నిర్ణయించే పట్టికల తయారీలో పాలనాధికారితో పాటు న్యాయవాది, చరిత్రకారుడు, ఆర్కైవిస్టు కూర్చోవాలి. ఆర్కైవిస్టు అంటే శాశ్వత విలువ ఉన్న పత్రాలను ఎంచి, వర్గీకరించి, కాపాడే శిక్షణ పొందిన ఉద్యోగి. 1909లో మద్రాసులో ఏర్పడిన రికార్డు ఆఫీసు, ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్, దక్షిణ భారతంలో ఈ వృత్తికి పునాది. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది కనుక ఈ జిల్లా చరిత్ర రాసేవారికి ఆ ఆర్కైవ్స్ ఉన్న చెన్నై ఎగ్మూరుకు ప్రయాణం తప్పదు.

జిల్లా సరిహద్దులు మారినప్పుడల్లా కాగితాలు కూడా ప్రయాణిస్తాయి. ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లాలోకి వెళ్లింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో కందుకూరు ప్రాంతం నెల్లూరులోకి వచ్చింది, గూడూరు ప్రాంతం తిరుపతి జిల్లాకు వెళ్లింది. ప్రతి మార్పులోనూ ఏ ఫైలు ఎటు వెళ్లిందో జాబితా రాసి రెండువైపులా సంతకం చేసిన చోట రికార్డు బతికింది. బస్తాలలో వేసి లారీ ఎక్కించిన చోట అది పేరుకు మాత్రమే మిగిలింది.

తీరప్రాంతంలో రికార్డు గదికి శత్రువులు ఎక్కువ. ఉప్పుగాలిలోని తేమ కాగితాన్ని మెత్తబరుస్తుంది. పాత సిరాలోని ఆమ్లం అక్షరమున్న చోటే కాగితాన్ని తింటుంది. మడతపెట్టిన పటాలు మడతల దగ్గరే చిరుగుతాయి, ఆ చిరుగు సరిగ్గా హద్దు గీత మీదనే పడడం సర్వేయర్లకు తెలిసిన బాధ. చెదల సంగతి చెప్పనక్కర లేదు. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు వద్ద రైలు కట్టను తెంపినంత ఉధృతంగా వచ్చింది. అలాంటి చోట రికార్డు గది నేలమట్టంలో ఉండకూడదని చెప్పవలసింది ఇంజనీరు, అల్మరాలు గోడకు ఎంత దూరంలో ఉండాలో చెప్పవలసింది పత్ర సంరక్షణ నిపుణుడు, ముందు ఏ అల్మరాను ఖాళీ చేయాలో చెప్పవలసింది రికార్డు అసిస్టెంటు. తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాయడం పురుగును దూరంగా ఉంచుతుందన్నది ప్రాచ్యలిఖిత గ్రంథాలయాలు పాటించే పద్ధతి. కాగితానికి ఆ నూనె పనికిరాదు. మంచి మనసుతో చేసిన తప్పు సంరక్షణ కూడా నష్టమే కనుక ఈ విషయంలో నిపుణుడి మాట విని తీరాలి.

ప్రకృతే కాదు, మనుషుల చేతా ప్రమాదం ఉంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు ఆవరణలో ఒక కేసుకు సంబంధించిన ఆధారాలు చోరీకి గురి కావడం, ఆ దర్యాప్తును హైకోర్టు సీబీఐకి అప్పగించడం జిల్లా అంతా చూసింది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఇలాంటి నష్టం తరవాత ఆ ఫైలును తిరిగి కట్టడానికి మిగిలే ఏకైక మార్గం, అదే విషయంపై తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు, కలెక్టరేటు, న్యాయవాది దగ్గర విడివిడిగా ఉండే ప్రతులను ఏరుకురావడమే. శాఖల మధ్య సహకారం అనేది ఇక్కడ బీమా వంటిది.

గ్రామాధికారులు పోయిన తరవాత

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. తరతరాల కరణీకం దానితో ముగిసింది. వంశపారంపర్య అధికారం పోవడం ప్రజాస్వామ్యంలో సమంజసమే. అయితే ఆ కరణాలు ఇళ్లలో ఉంచుకున్న లెక్కలను జాబితా రాసి అప్పగించుకునే పని అన్నిచోట్లా ఒకే శ్రద్ధతో జరగలేదు. దానికంటె పెద్ద నష్టం చదువుది. కరణాలు రాసే వేగవంతమైన రాతను గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసిన రాత అది. అందులో తెలుగు అంకెలు, వీసం, పరక వంటి భిన్నాల గుర్తులు, ప్రాంతీయ సంక్షిప్తాలు కలగలిసి ఉంటాయి. ఈ రాతను చదవగలిగినవారు వృద్ధులై తరిగిపోతున్నారు. రికార్డు ఉండీ చదివే మనిషి లేకపోతే అది లేనట్లే. లిపిశాస్త్రం చదివిన విద్యార్థిని, పదవీవిరమణ చేసిన రెవెన్యూ ఉద్యోగిని ఒకచోట కూర్చోబెట్టి గొలుసుకట్టు నమూనాల పుస్తకం తయారుచేయడం ఇంకా ఆలస్యం చేయకూడని పని.

మాటల చిక్కు కూడా ఇలాంటిదే. రెవెన్యూ తెలుగులో కవిలె దేశీయం, అడంగల్, పోరంబోకు తమిళ కార్యాలయాల మీదుగా వచ్చినవి, దస్తావేజు, జమాబందీ, అజమాయిషీ పారసీ నుంచి వచ్చినవి. ఒక్కొక్క పాలన ఒక్కొక్క పొర వేసి వెళ్లింది. హెచ్. హెచ్. విల్సన్ 1855లో ప్రచురించిన న్యాయ, రెవెన్యూ పదకోశానికి, భారతదేశంలోని జిల్లా అధికారుల నుంచి పదాలు తెప్పించే ప్రయత్నం జరిగింది, సి. పి. బ్రౌన్ కూడా కచేరీ తెలుగు మీద ప్రత్యేకంగా శ్రమించాడు. ఇవాళ కంప్యూటరు నిపుణుడు అదే పనిని మళ్లీ చేయవలసి వస్తోంది. ఆయనకు “అనుభవదారు”, “పట్టాదారు” రెండు గడుల పేర్లు మాత్రమే. న్యాయవాదికి ఆ రెండింటి మధ్య తేడా మీద ఇరవై ఏళ్ల వ్యాజ్యం నిలబడుతుంది. అందుచేత కంప్యూటరు తెర రూపొందించే రోజున న్యాయవాదిని పిలవకపోతే, ఆ తెరవల్ల పుట్టిన వ్యాజ్యం రోజున ఆయన ఎలాగూ వస్తాడు.

కంప్యూటరు, రీసర్వే, గ్రామ సచివాలయం

రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే పేరుతో కంప్యూటరీకరణ 1998లో మొదలైంది. కర్ణాటక 2000లో భూమి పథకంతో సుమారు రెండు కోట్ల భూరికార్డులను కంప్యూటరుకు ఎక్కించింది. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి ప్రజలు నేరుగా చూసుకునేందుకు మీ భూమి అనే వెబ్‌సైటు 2015లో వచ్చింది. ఈ దశలో సాధారణంగా జరిగే పొరపాటు, కాగితాన్ని స్కాన్ చేస్తే పని అయిపోయినట్లు భావించడం. సూచిక లేని స్కాను కట్టు లేని పుస్తకం వంటిది. ఒకే రైతు ఒక పత్రంలో ఇంటిపేరుతో, మరో పత్రంలో పొడి అక్షరాలతో, ఇంకొకదానిలో పెట్టిన పేరు సగంతో ఉంటాడు; ఇంగ్లీషులో ఒక వర్ణక్రమం, ఆధార్‌లో మరొకటి. ఇవన్నీ ఒక మనిషేనని యంత్రానికి చెప్పగలిగేది గ్రామం తెలిసిన రెవెన్యూ ఉద్యోగి. ఆ చెప్పడాన్ని ఆధారంతో నమోదు చేయించవలసింది కంప్యూటరు నిపుణుడు.

2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన సమగ్ర భూసర్వే, దేశంలో వృత్తుల సహకారానికి పెద్ద ప్రయోగాలలో ఒకటి. భారత సర్వే సంస్థ డ్రోన్లు, నిరంతరం పనిచేసే ఉపగ్రహ సంకేత కేంద్రాలు, గ్రామ సర్వేయర్లు, రెవెన్యూ ఉద్యోగులు, పంచాయతీ సిబ్బంది కలిసి పనిచేశారు. యంత్రం హద్దును కొన్ని సెంటీమీటర్ల లోపు చూపగలిగింది. అయితే పలు గ్రామాలలో ఇద్దరు ముగ్గురు రైతుల చేలకు కలిపి ఒకే ఉమ్మడి ఎల్.పి.ఎం. నంబరు రావడం, పాత విస్తీర్ణానికీ కొత్తదానికీ తేడా రావడం వంటి ఫిర్యాదులు వచ్చాయి. ఎల్.పి.ఎం. అంటే కొత్త సర్వేలో ఒక భూమి తునకకు ఇచ్చే పటం. భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చి, 2024లో రద్దయింది. ఈ సర్వే, ఈ చట్టం చుట్టూ రేగిన వివాదంలోని రాజకీయం పక్కన పెడితే, ఒక సంగతి తేటపడుతుంది. కొలత ఖచ్చితమవడం వేరు, ఒప్పుదల కుదరడం వేరు. హద్దు మీద పొరుగు రైతుల సంతకం, వారసుల పంపకం, న్యాయస్థానంలో నడుస్తున్న దావా, ఇవేవీ డ్రోనుకు కనిపించవు. కొలిచినవారు వచ్చి వెళ్లిన వేగంతో విచారించేవారు రాలేకపోయిన చోట లోపం మిగిలింది.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు మాత్రం ఈ విషయంలో ఒక మంచి అవకాశం తెచ్చాయి. పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి, గ్రామ సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకుడు, తీరగ్రామాలలో మత్స్య సహాయకుడు, ఏ.ఎన్.ఎం., డిజిటల్ అసిస్టెంటు ఒకే కప్పు కింద కూర్చునే ఏర్పాటు అది. ఒక జనన నమోదును చూస్తే ఈ ఏర్పాటు విలువ బోధపడుతుంది. 1969 చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజులలో తెలపాలి, తెలిసేది ఏ.ఎన్.ఎం.కు, ఆశా కార్యకర్తకు, రాసేది పంచాయతీ కార్యదర్శి, ఆ పత్రం మీద ఆధారపడేది బడి ప్రధానోపాధ్యాయుడు. 2023 సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైన తరవాత, ఆపైన పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు పలు పనులకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. బడి రిజిస్టరులో అంచనాగా వేసిన తేదీతో జీవితమంతా నడిచిన పాత తరాల ఇబ్బంది కొత్త తరానికి రాకూడదంటే ఈ నలుగురూ వారానికొకసారైనా తమ పుస్తకాలు కలిపి చూసుకోవాలి.

చట్టం చేయి

కేంద్ర ప్రభుత్వ రికార్డుల కోసం 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. ప్రతి కార్యాలయంలో రికార్డుల అధికారి ఉండాలని, నిర్ణీత విధానం లేకుండా రికార్డును నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు ఉండవచ్చని అది చెప్పింది. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమలైన సమాచార హక్కు చట్టం ఇంకా దూరం వెళ్లింది. ప్రతి ప్రభుత్వ సంస్థ తన రికార్డులను జాబితా, సూచికలతో క్రమంగా ఉంచాలని దాని నాలుగో సెక్షన్ ఆదేశిస్తుంది. పౌరుడు దరఖాస్తు పెట్టినప్పుడు “రికార్డు లభ్యం కాలేదు” అనే జవాబు రావడం ఈ సెక్షన్ అమలు కాలేదనడానికి రుజువే. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 2010లో ఆమోదించి, యునెస్కో 2011లో బలపరచిన సార్వజనీన ఆర్కైవ్స్ ప్రకటన కూడా ఈ బాధ్యతను ఒక్క ఆర్కైవిస్టు భుజాన వేయదు. పాలకులు, పత్రాల సొంతదార్లు, వృత్తినిపుణులు, పౌరులు అందరూ అందులో భాగస్వాములు.

ఆ భాగస్వామ్యంలో విడవలూరు చుట్టుపక్కల గ్రామాల కుటుంబాలకు ఇప్పటికిప్పుడు చేయదగిన పని ఒకటి ఉంది. పాత కరణాల, మునసబుల, దేవస్థాన ధర్మకర్తల, నీటిసంఘాల పెద్దల ఇళ్లలో అటక మీదనో పెట్టెలోనో గొలుసుకట్టు రాతలో ఉన్న లెక్కల పుస్తకాలు, తాటాకు కట్టలు, మడతపెట్టిన పటాలు ఉంటే వాటిని పాత కాగితాల కొట్టుకు వేయవద్దు, ఎండలో పరచవద్దు, అతుకులు వేయడానికి అంటుకునే టేపు వాడవద్దు. పొడిగుడ్డలో చుట్టి, ఏ ఇంటివో, ఏ గ్రామానివో, ఎవరి చేతిరాతో వృద్ధులను అడిగి ఒక కాగితం మీద రాసి జతచేసి, రాష్ట్ర ఆర్కైవ్స్‌కుగాని దగ్గరలోని విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకుగాని తెలియజేయాలి.